ఉద్దానంలో పదికి పది

ఉద్దానం వెళ్లొచ్చానని చెప్పగానే మా తెనాలిలో అందరూ అడిగింది ఒకటే, జీడిపప్పు తెచ్చావా అని. తెచ్చాను, అయిపోయింది. ఇక పంచిపెట్టడానికి నా దగ్గర మిగిలినవి ఈ కబుర్లే. సముద్రం మీదా కొబ్బరితోటల మీదా వర్ణనలు కావాలనుకునేవాళ్లు కొంచెం సర్దుకోవాలి. అక్కడున్న నాలుగు రోజుల్లో నేను ఎక్కువసేపు చూసింది ఒక ఎనిమిదేళ్ల పిల్ల వీపు, ఆ పిల్ల నాయనమ్మ నోట్లో చుట్ట.

ఎందుకు వెళ్లానో ముందు చెప్పాలి. నేను విశాఖలో ఒక విశ్వవిద్యాలయంలో ప్రత్యేక విద్యలో బీఈడీ చదువుతున్నాను. వినికిడి లోపం ఉన్న పిల్లలకు టీచర్‌ని అవ్వాలి. కిందటిసారి ప్రాక్టికల్స్‌లో తప్పాను. పాఠం బాగా తయారు చేసుకున్నాను, బొమ్మలు బ్రహ్మాండంగా గీశాను. కాకపోతే కంగారులో నలభై నిమిషాలూ బోర్డు వైపు తిరిగే మాట్లాడాను. పెదాలు చూసి అర్థం చేసుకునే పిల్లలకు నా జడ తప్ప ఏమీ కనిపించలేదు. మా సూపర్‌వైజర్ మేడమ్ కాగితం మీద "బోర్డుకు పాఠం బాగా అర్థమైంది" అని రాసి సంతకం పెట్టారు.

ఈసారి ఆఖరి అవకాశం. ఒక పిల్ల ఇంటికే వెళ్లి, మూడు రోజులు దగ్గరుండి నేర్పి, నాలుగో రోజు టెక్కలిలో మేడమ్ ఎదుట చేసి చూపించాలి. తప్పితే సంవత్సరం మొత్తం మళ్లీ చదవాలి. పూండి అవతల ఒక ఊళ్లో ఢిల్లేశ్వరి అనే పాప ఉందనీ, క్యాంపులో చెవిమిషను ఇచ్చినా ఏమీ వినదనీ, ఇక లాభం లేదని బడి కూడా మాన్పించేశారనీ అక్కడి టీచరు ఒకావిడ ఫోన్లో చెప్పింది. వాళ్లింట్లోనే ఉండొచ్చట, భోజనానికి లోటుండదట. భోజనం మాట విన్నాక నేను ఇంకేమీ అడగలేదు.

ప్యాసింజర్‌లో వైద్యం

చెవిమిషను పనిచేస్తోందో లేదో టీచరు తన చెవితో విని చూసుకోవడానికి స్టెతోక్లిప్ అని ఒక వస్తువు ఉంటుంది. అచ్చం డాక్టర్ల స్టెతస్కోపులాగే ఉంటుంది, గుండె మీద పెట్టే బిళ్ల ఒక్కటే ఉండదు. రోజూ పొద్దున్నే దాంతో మిషను విని చూశాకే పాఠం మొదలుపెట్టాలన్నది మాకు కాలేజీలో మొదటిరోజు చెప్పిన మాట. ఆ వస్తువుని తుడుద్దామని రైల్లో బయటికి తీయడం నేను చేసిన మొదటి తప్పు.

ఎదురుగా కూర్చున్న పెద్దాయన వెంటనే ముందుకు జరిగాడు. పంచె, తెల్ల చొక్కా, ఒళ్లో అరటిపళ్ల సంచి. హరిశ్చంద్రపురంలో దిగాలని అంతకుముందే నాతో రెండుసార్లు చెప్పాడు.

"ఏటమ్మా, డాకటరమ్మవా?"

"కాదండీ, టీచర్‌ని. ఇంకా అవ్వలేదు, అవుతున్నాను."

"టీచరైతే ఏటి, సూత్తే తెలుత్తాది గదా. మెట్లెక్కితే ఆయాసం వత్తన్నాది. ఓపాలి సూడు."

ఇది మిషన్లు వినడానికి, మనుషుల్ని కాదు అని చెప్పాను. ఆయనకు ఆ తేడా నచ్చలేదు. స్టెతోక్లిప్ నా చేతిలోంచి తీసుకుని తనే చెవుల్లో పెట్టుకుని, రెండో కొసని చొక్కా గుండీల మధ్య దోపుకున్నాడు. కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు. "ఆడతన్నాది" అన్నాడు తృప్తిగా. ఆడుతున్నది రైలు. ఆ మాట చెప్పే లోపు పక్క సీటువాళ్లూ, ఆ వెనక సీటువాళ్లూ లేచి వచ్చేశారు. ఒకావిడ మోకాలు చూడమంది. పెట్టె సగం నా చుట్టూ నిలబడింది. నేను ప్రతి ఒక్కరికీ నేను డాక్టర్‌ని కాదని చెబుతూ, వాళ్లు చెప్పే జబ్బులన్నీ వింటూ, మజ్జిగ తాగమని సలహాలు కూడా ఇస్తూ పోయాను. ఈ హడావిడిలో హరిశ్చంద్రపురం వెళ్లిపోయింది. పూండి కూడా వెళ్లిపోయింది. రైలు ఇక వెళ్లడానికి ఊరు లేక పలాసలో ఆగింది.

పలాస

దిగాల్సిన చోట దిగని ఇద్దరం ప్లాట్‌ఫారం మీద టీ తాగాం. పెద్దాయన ఏమీ బాధపడలేదు. "పొద్దున్న ఇంటికెల్లి ఏటి సేత్తాను" అని నాకు రెండు అరటిపళ్లు ఇచ్చాడు.

తిరుగు రైలుకు ఇంకా టైముందని ఆయన బెంచీ మీదే కూర్చున్నాడు. నేను జీడిపప్పు చూసొస్తానని బయటికి వెళ్లాను. మా ఇంట్లో పాయసంలో జీడిపప్పు ఎవరికి ఎన్ని వచ్చాయో అని పిల్లలం గొడవ పడేవాళ్లం. ఇక్కడ కొట్ల ముందు గుండు పప్పు ఒక కుప్ప, బద్దలు ఒక కుప్ప, ముక్కలు ఒక కుప్ప, బియ్యం పోసినంత నిర్లక్ష్యంగా పోసి ఉన్నాయి. కొట్టావిడ రుచి చూడమని గుప్పెడు నా చేతిలో పోసింది. గుప్పెడు రుచి చూడటం నాకు అదే మొదటిసారి. సిగ్గు లేకుండా పక్క కొట్లో కూడా రుచి చూశాను.

తిరిగొచ్చేసరికి ఆ రైలు కదులుతోంది. కిటికీ పక్కన పెద్దాయన నన్ను చూసి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. అప్పుడు కనిపించింది ఆయన మెడలో నా స్టెతోక్లిప్. పరిగెత్తాను. నేను వీడ్కోలు చెప్పడానికి అంత దూరం పరిగెత్తుకొచ్చాననుకుని ఆయన రెండో చెయ్యి కూడా ఊపాడు.

పోతే పోయిందిలే అనుకున్నాను. మూడు రోజుల పనికి అదంత అవసరమా అని నాకు నేనే సర్ది చెప్పుకుని ఆటో ఎక్కాను.

గున్నమ్మ గారి ఇల్లు

పూండి దాటాక రోడ్డు పక్కంతా జీడితోటలు. ఏప్రిల్ మొదలు కాబట్టి చెట్ల నిండా ఎర్రటి, పసుప్పచ్చటి పళ్లు, ప్రతి పండు కిందా ఒక పిక్క. గాలి కూడా పుల్లగా ఉంది. మధ్య మధ్య పనసచెట్లు, తుఫానుకి ఒరిగి అలాగే పెరిగిన కొబ్బరిచెట్లు. ఊళ్లోకి వెళ్లే దారంతా ఇసుక. నా కొత్త చెప్పులు మొదటి పది అడుగుల్లోనే చేతిలోకి వచ్చేశాయి.

గున్నమ్మ ఢిల్లేశ్వరికి నాయనమ్మ. అరవై దాటిన మనిషి, సన్నగా, గట్టిగా ఉంది. కొడుకు చేపల బోటు మీద పనికి గుజరాత్ వెళ్లాడు. కోడలు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి పొద్దున్నే వెళ్లి సాయంత్రం వస్తుంది. పిల్ల బాధ్యత మొత్తం ఈమెదే. ఆమె నన్ను చూసి నవ్వినప్పుడు నోట్లోంచి పొగ వచ్చింది, చుట్ట కనిపించింది, నిప్పు మాత్రం కనిపించలేదు. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుంది. మా వైపు ఆడవాళ్లు చుట్ట తాగడమే చూడలేదు నేను, అందులో తిరగేసి. నోరు కాలదా అని అడిగాను.

"కాల్తే ఆరిపోద్ది గదేటి. కూకో అమ్మీ, కాళ్లు కడుక్కో. నీళ్లు టిన్నులోవి తాగు, బోరుయి తాగకు."

అందరూ ఢిల్లి అని పిలిచే ఆ పిల్ల తలుపు వెనక నుంచి నన్ను చూస్తోంది. టీచరమ్మ వచ్చింది కాబట్టి గున్నమ్మ లోపలికి వెళ్లి బియ్యం డ్రమ్ములో చెయ్యి మోచేతి దాకా దింపి, కమ్మలు కొన్న ఎర్రడబ్బా ఒకటి పైకి తీసింది. అందులో దూది పరుపు మీద చెవిమిషను పడుకుని ఉంది. పిల్లకు మొహం కడిగి, తిలకం పెట్టి, పూలు పెట్టి, కాళ్లకు పట్టీలు పెట్టి, చివరికి చెవికి మిషను పెట్టింది.

"రోజూ పెట్టరా మామ్మగారూ?"

"రోజూ ఎట్టుకుంటే పాడైపోదేటి? పెల్లిళ్లకీ, అమ్మోరి పండక్కీ ఎడతాను. ఆపీసరోలు వచ్చినా ఎడతాను. ఇంత సిన్న వత్తువ, ఇసకలో పడితే ఎక్కడెతుకుతాను."

నాకు నవ్వు రాలేదు. మా అమ్మ ఫ్రిజ్ కొని ఎనిమిదేళ్లయినా దాని మీద షోరూమ్ వాళ్ల స్టిక్కరు అలాగే ఉంది. టీవీ రిమోట్‌కి ప్లాస్టిక్ కవరుంది, ఆ కవరు చిరిగితే ఇంకో కవరు వేసింది. ఆ ఇంట్లో పుట్టిన నేను ఎవరికి చెప్పొచ్చాను?

రాత్రికి పనసపొట్టు కూర ఆవపెట్టి, పచ్చి జీడిపప్పుతో ఇంకో కూర. నేను మూడోసారి వడ్డించుకోవడం ఢిల్లి వేళ్లతో లెక్కపెట్టి వాళ్లమ్మకు చూపించింది.

పదికి పది

రెండో రోజు పొద్దున్న సోడి అంబలి, అంటే మా వైపు రాగిజావ, తాగి పని మొదలుపెట్టాను. వినడం నేర్పే ఆట మాకు కాలేజీలో నేర్పారు. పిల్ల వెనక కూర్చుని చిన్న డప్పు కొట్టాలి. వినపడగానే పిల్ల ఒక పూస తీసి గిన్నెలో వెయ్యాలి. వెనక ఎందుకంటే చెయ్యి ఆడటం కనిపించకూడదు. నేను తెచ్చిన ప్లాస్టిక్ పూసలు ఢిల్లికి నచ్చలేదు. వాటిని పక్కకు తోసి, గోలీలకు బదులు ఆడుకునే జీడిపిక్కలు పదింటిని తెచ్చి ముందు పోసుకుంది. గున్నమ్మ ఎదురుగా గోడకు చేరగిలబడి, చుట్ట నోట్లో పెట్టుకుని కూర్చుంది.

ఆట అర్థం కావడానికి కాసేపు పట్టింది. తర్వాత డప్పు కొట్టాను, పిక్క గిన్నెలో పడింది. మళ్లీ కొట్టాను, పడింది. కావాలని చాలాసేపు ఆగాను. ఢిల్లి కూడా ఆగింది. మెల్లగా కొట్టినా పడింది. పదిసార్లకు పది పిక్కలు.

నా గుండె పొంగిపోయింది. బడి మాన్పించిన పిల్ల, ఏమీ వినదని అందరూ వదిలేసిన పిల్ల, నా చేతిలో ఒక్క పూటలో పదికి పది. ఫోన్ కిటికీలో నిలబెట్టి వీడియో తీసి మేడమ్‌కి పంపాను. పది నిమిషాల్లో జవాబు వచ్చింది. "చాలా బాగుంది వసుధా. టెక్కలిలో ఇదే చూపించు." ఆ జవాబుని ఎన్నిసార్లు చదివానో చెప్పను. ఆ రోజంతా నన్ను నేను గొప్ప టీచర్ననే అనుకున్నాను. గున్నమ్మకు పిల్లల పెంపకం మీద ఉపన్యాసం కూడా ఇచ్చాను.

సముద్రం దగ్గర

మూడో రోజు సంతోషంతో సముద్రానికి వెళ్లాం. కవ్వ చేపలు బోట్ల నుంచి అప్పుడే దిగుతున్నాయి, ఒడ్డంతా చేపల వాసన. ఢిల్లికి మిషను పెట్టుకుని రావడానికి నేను పట్టుబడితే గున్నమ్మ ఒప్పుకుంది కానీ, దాన్ని ఒక చేత్తో కాపలా కాస్తూనే నడిచింది. ఇసుకలో కూర్చున్నాక ఆమెకు మిషను మీద ముచ్చట పుట్టింది.

"మందసలో మా మేనకోడలి గుంటకీ ఇలాటి మిసనే ఇచ్చినారు. ఏటి లాబం? సెయ్యి అడ్డెడితే సాలు, కుక్కర్నాగ కుయ్యిమంటాది. మాది మంచి మిసను టీచరమ్మా. ఇచ్చిన కాడ్నుంచి ఒక్కపాలీ సప్పుడు సెయ్యనేదు."

తింటున్న జీడిపండు ఇసుకలో పడేశాను. పనిచేసే చెవిమిషను ఏదైనా చెయ్యి అడ్డుపెడితే కూత పెడుతుంది. పెట్టకపోతే అది ఆగిపోయి ఉన్నట్టు. ఇది మా సబ్జెక్టులో చదవడం రాని వాళ్లకు కూడా తెలుస్తుంది. ఢిల్లి చెవి నుంచి తీసి, వెనక ఉన్న చిన్న తలుపు తెరిచాను. బ్యాటరీ బిళ్ల మీద నారింజ రంగు స్టిక్కరు, కంపెనీలో ఎలా అంటించారో అలాగే ఉంది. ఆ స్టిక్కరు పీకితే లోపలికి గాలి వెళ్లి బ్యాటరీ మేలుకుంటుంది. పీకకపోతే అది గులకరాయితో సమానం.

"ఇది తియ్యలేదా మామ్మగారూ?"

"ఎందుకు తీత్తానమ్మా? కొత్తది గదా. తీత్తే మాసిపోద్ది."

క్యాంపులో వాళ్లు వేసిన బిళ్ల ఒక పెళ్లికీ ఒక పండగకీ సరిపోయి అయిపోయిందట. ఈ రెండోది ఆమె తన చేత్తోనే, జాగ్రత్తగా, స్టిక్కరుతో సహా వేసింది. ఏడాది దాటింది. ఆ ఏడాదిగా పిల్ల వినడం లేదని అందరూ పిల్లనే అన్నారు. మిషనుని ఎవరూ ఏమీ అనలేదు. నేనూ విని చూడలేదు, నా స్టెతోక్లిప్ హరిశ్చంద్రపురంలో ఉంది.

స్టిక్కరు పీకి, కాసేపు ఆగి, బిళ్ల వేసి మళ్లీ చెవికి పెట్టాను. ఢిల్లి బిగుసుకుపోయింది. అటూ ఇటూ చూసింది. చివరికి సముద్రాన్ని చూసింది. చాలాసేపు చూసి, నా వైపు తిరిగి, వేలితో సముద్రాన్ని చూపించి, టీవీ రిమోట్ నొక్కినట్టు బొటనవేలు నొక్కింది. సముద్రాన్ని ఆపెయ్యమంటోంది. ఆపలేనని చేతులూపాను. వాళ్ల నాయనమ్మనూ అడిగింది. ఆవిడా ఆపలేదని తేలాక మిషను పీకేసింది. మళ్లీ పెట్టుకుంది. మళ్లీ పీకింది. అలా చాలాసార్లు చేసి, సముద్రం ఆ మిషనులోనే ఉందని నిర్ధారించుకుంది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియలేదు, ముక్కు మాత్రం కారింది.

ఇంటికి వెళ్లే దారిలో బుర్ర పనిచేసింది. మిషను ఆగిపోయి ఉంటే నిన్న పదికి పది ఎలా వచ్చాయి?

వెళ్లగానే మిషను తీసేసి ఢిల్లిని కూర్చోబెట్టాను. గున్నమ్మ ఎప్పట్లాగే ఎదురుగా. డప్పు కొట్టాను. ఈసారి పిల్ల చేతిని కాకుండా ఎదుటి మొహాన్ని చూశాను. డప్పు మోగగానే గున్నమ్మ దవడ ఉలిక్కిపడింది, చుట్ట ఎగిరింది. చుట్ట ఎగరగానే పిక్క పడింది. మెల్లగా కొడితే చుట్ట కొంచెమే ఎగిరింది, పిక్క కూడా మెల్లగా పడింది. గున్నమ్మను గోడవైపు తిరిగి కూర్చోమన్నాను. ఒక్క పిక్కా పడలేదు. ఇప్పుడు మిషను పెట్టి చేశాను. మూడు పడ్డాయి.

"రేపు మేడమ్ ముందు ఇదే చెయ్యాలి మామ్మగారూ. పదికి పది వచ్చాయని నేను ముందే చెప్పేశాను. ఇవేమో మూడే."

గున్నమ్మ నా తల నిమిరింది. "బయపడకమ్మా. నాను ఎదర కూకుంటాను గదేటి. సుట్ట అంటించకుండా ఒట్టిదే నోట్లో ఎట్టుకుంటాను. నువ్వు పేసైపోతావు."

వద్దని నేను అనలేదు. ఇది నిజం. ఆ మాటతో నాకు ఎంత ధైర్యం వచ్చిందంటే, ఇంకో రెండు చేప ముక్కలు వేయించుకున్నాను.

టెక్కలి

నాలుగో రోజు బస్సులో ముగ్గురం టెక్కలి వెళ్లాం. గున్నమ్మ పట్టుచీర కట్టింది, ఎర్రడబ్బా చేతిసంచిలో పెట్టుకుంది. ఒంటిపూట బడి వదిలాక ఒక తరగతి గదిలో మేడమ్ కూర్చున్నారు. సన్నటి మనిషి, కళ్లద్దాల మీదుగా చూస్తారు. "వీడియో మా వాళ్లందరికీ చూపించాను" అన్నారు. నేను ఢిల్లి చెవికి మిషను పెట్టి, డప్పు తీసుకుని వెనక కూర్చున్నాను.

గున్నమ్మ ఎదురుగా కుర్చీలో సర్దుకుని, అంటించని చుట్ట నోట్లో పెట్టుకుని నాకు కళ్లతో సైగ చేసింది. ఢిల్లి పిక్క చేతిలో పట్టుకుంది. డప్పు కొట్టాను. చుట్ట ఎగిరింది. ఢిల్లి పిక్క వేసింది. రెండోసారి కొట్టాను. చుట్ట ఇంకా బాగా ఎగిరింది. కానీ ఢిల్లి ఈసారి అటు చూడలేదు. పిక్క చేతిలోనే ఉంచుకుని, మెడ తిప్పి, నన్ను చూసింది. తర్వాత డప్పును చూసింది. ఆ చప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంది. ఈ మూడు రోజుల్లో ఆ పిల్ల చప్పుడు కోసం వెనక్కి తిరగడం అదే మొదటిసారి.

అలా తిరిగితే పిక్క వెయ్యనట్టే, నా కాగితంలో తప్పు. కానీ ఇంకో రెండు దెబ్బలకు ఢిల్లి మళ్లీ చుట్టనే నమ్ముకుంటుంది, అది తేలిక కదా. నాకు సంవత్సరం పోతుందని భయంగా ఉంది. అయినా ఇంక కొట్టలేకపోయాను.

"మామ్మగారూ, మీరు బయట కూర్చోండి" అన్నాను.

గున్నమ్మ నాకు మతి పోయిందేమోనన్నట్టు చూసి, చుట్ట తీసి బొడ్లో దోపుకుని వెళ్లింది. మళ్లీ మొదటి నుంచీ పదిసార్లు కొట్టాను. ఒకసారి పిక్క వేసింది, రెండుసార్లు వెయ్యలేదు, ఒకసారి బయట ఆటో హారన్ మోగితే దానికి వేసింది. అది లెక్కలోకి రాదని నేను, వస్తుందని ఢిల్లి, సైగలతో వాదించుకున్నాం. మొత్తం నాలుగు.

"వీడియోలో పది కదా?" అన్నారు మేడమ్.

చెప్పేశాను. పెద్దాయన మెడలో స్టెతోక్లిప్, నారింజ స్టిక్కరు, చుట్ట, అన్నీ. మేడమ్ ఫోన్ తీసి వీడియో పెట్టి, వేళ్లతో చుట్టను పెద్దది చేశారు. చూశారు. ఇంకోసారి చూశారు. మూడోసారి కళ్లద్దాలు తీసి కొంగుతో కళ్లు తుడుచుకున్నారు. నాలుగోసారి బల్ల మీద తల పెట్టుకుని నవ్వారు. ఆవిడ నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

"ఆ పది ఎవరివి?"

"మామ్మగారివండీ."

"ఈ నాలుగు?"

"ఢిల్లివండీ."

"నాకు ఢిల్లి మార్కులు చాలు" అని కాగితం మీద పాస్ అని రాసి సంతకం పెట్టారు. తర్వాత గున్నమ్మను లోపలికి పిలిచి, పిల్లకు చెవి పనిచేస్తుందనీ, కానీ మిషను నిద్ర లేచినప్పటి నుంచీ పడుకునేదాకా చెవికే ఉండాలనీ, అప్పుడే ఈ నాలుగు పెరుగుతాయనీ, రేపటి నుంచే బడికి పంపమనీ చెప్పారు. స్టిక్కరు తీశాక బిళ్ల వాడినా వాడకపోయినా అయిపోతుందనీ, దాచి లాభం లేదనీ నేను చెప్పాను. గున్నమ్మ అన్నిటికీ తలూపింది. మా అమ్మ కూడా ఫ్రిజ్ స్టిక్కరు గురించి ఇలాగే తలూపుతుందని నాకు తెలుసు కాబట్టి నాకు నమ్మకం కలగలేదు.

అనుకున్నట్టే బస్టాండులోకి రాగానే గున్నమ్మ సంచిలోంచి ఎర్రడబ్బా తీసి మూత తెరిచింది. అలవాటు. ఢిల్లి ఆ డబ్బాను చూసి రెండడుగులు వెనక్కి వేసి, నా వెనక నిలబడి, నా చున్నీ పట్టుకుంది. గున్నమ్మ చెయ్యి చాపింది. ఢిల్లి తల అడ్డంగా ఊపింది.

గున్నమ్మ డబ్బా తెరిచి పట్టుకునే ఉంది. అంతలో బస్సు వస్తూ హారన్ కొట్టింది, మా ఇద్దరికంటే ముందు ఢిల్లి తిరిగింది. గున్నమ్మ డబ్బా మూత వేసింది. వేసి, దాన్ని నా చేతిలో పెట్టింది.

"ఇది నువ్వట్టుకెల్లిపో అమ్మీ. ఇంట్లో ఉంటే మల్లీ దాయాలనిపిత్తాది నాకు."

నేను డబ్బాను బ్యాగులో పెట్టుకున్నాను. వాళ్లిద్దరూ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నారు.